తొక్క మీద తీర్పు

పోయిన వారం మనం ఆంబ్రోస్ కిట్రెల్‌ని లేక్ ఒరీటా స్టేషన్లో, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో టోపీ, మొహం మీద సగం నవ్వుతో అలాగే నిలబెట్టి వచ్చేశాం. మిగతా సగం నవ్వు ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకుని కదులుదాం.

జాక్సన్‌విల్‌లో కేసు గెలిచి రైలు దిగిన వకీలుగారికి పక్క పట్టాల మీద ఒక వ్యాగన్, దాని తలుపుకి ఎర్ర లక్క సీలు, సీలు కింద నోటీసు కనబడ్డాయి: "పచ్చికాయల చట్టం కింద పట్టుబడిన నారింజలు." ఆ చట్టం ఆయనదే. ఆరు నెలల కిందట టాలహసీ శాసనసభలో ఆయనే రాసి, ఆయనే చదివి, ఆయనే గొంతు పోయేదాకా వాదించి పాస్ చేయించాడు. పుల్లటి పచ్చికాయలు ఉత్తరాదికి పంపి ఫ్లారిడా నారింజ పరువు తీసేవాళ్ల పని పట్టడానికి పుట్టిన చట్టం అది. అది మొదటి కాటు వేసిందని తెలియగానే ఆయనకి నవ్వొచ్చింది. ఎవడా దొంగ అని నోటీసు చివరిదాకా చదివాడు.

"ముద్దాయి: శ్రీమతి లవీనియా కిట్రెల్."

వ్యాగన్‌కి పడింది సీలు. శాసనం రాసినవాడికి ఆడలేదు శ్వాస. ఎందుకంటే లవీనియా ఆయన భార్య. పంతొమ్మిదేళ్లుగా.

ఇప్పుడు ఆ మర్నాడు, మంగళవారం, ఉదయం పది. జడ్జి జెత్రో యాన్సీ మంగళవారాలు న్యాయం చెబుతాడు, మిగతా వారాలు గుర్రాలకి దాణా అమ్ముతాడు. రెండింటిలోనూ తన తూకం ఒకటేనని ఆయన గొప్ప. మామూలుగా కోర్టు ఆయన దాణా కొట్లోనే. కానీ ఈసారి సాక్ష్యం మూడు వందల పెట్టెలు. సాక్ష్యం కొట్టు దాకా నడిచి రాదు గనక, న్యాయమే గొడుగు వేసుకుని ప్యాకింగ్ షెడ్డు దాకా నడిచి వచ్చింది. కాయలు సైజులవారీగా విడదీసే బల్ల జడ్జిగారి బల్ల అయింది. బోర్లించిన పెట్టెలు కుర్చీలయ్యాయి. ఊళ్లో సగం మంది వాటి మీద సర్దుకుని కూర్చున్నారు. మిగతా సగం గోడల మీద.

నాలుగు గంటలకి గూడ్సు వస్తుంది. ఈ లోపల తేలితే వ్యాగన్ ఫిలడెల్ఫియాకి. తేలకపోతే, లవీనియా ఏడాది కష్టంలో మొదటి కోత మొత్తం చెరువులోకి.

"రెండు నిమిషాల్లో కొట్టేయిస్తాను లవీ," అన్నాడు ఆంబ్రోస్, భార్యని ఖాళీ పెట్టెల గుట్ట వెనక్కి తీసుకెళ్లి. "చట్టంలో 'పచ్చికాయలు పంపిన వారు' అని ఉంది. నువ్వు పంపావా? పంపలేదు. వ్యాగన్ కదిలిందా? కదల్లేదు. కదలని వ్యాగన్లో నేరం ఎక్కడుంది? యాన్సీ సుత్తి బల్లకి తగిలేలోపు మనం ఇంట్లో భోజనానికి కూచుంటాం."

లవీనియా తోటలోంచి నేరుగా వచ్చినట్టుంది. గడ్డి టోపీ, మోచేతుల దాకా చేతి తొడుగులు, నడుముకి వేలాడే కాయలు కోసే కత్తెర. ఆవిడ తండ్రి నాటిన తోట అది. కాగితాల్లో ఆవిడ పేరే. ఆంబ్రోస్ ఎన్నికల కరపత్రాల్లో 'నారింజ రైతు' అని పెద్దక్షరాల్లో ఉంటుంది గాని, ఆయనకి తోటంటే ఆదివారం భోజనమయ్యాక చుట్ట కాలుస్తూ నడిచే చోటు.

"కేసు కొట్టేస్తారు. తర్వాత?"

"తర్వాతేముంది, ఇంటికి."

"నేనింటికి. నా కాయలో?"

ఆంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు.

"వ్యాగన్ అంగుళం కదిలిన మరుక్షణం అది నేరం అవుతుంది. అవునా? అంటే మీ తెలివి నన్ను కాపాడుతుంది, నా కాయల్ని కాదు."

వకీలన్నవాడికి ప్రతి తలుపులోనూ ఒక కీలు కనబడుతుంది. లవీనియాకి తలుపు అవతల ఏముందో కనబడుతుంది. ఇంట్లో ఇద్దరూ ఉండటం వల్ల ఇన్నాళ్లూ ఇల్లు నిలబడింది.

"కిట్రెల్‌గారూ," అంది ఆవిడ.

ఆవిడ 'ఆంబ్రోస్' అంటే వాతావరణం బాగున్నట్టు. 'కిట్రెల్‌గారూ' అంటే ఓడరేవులో తుపాను జెండా ఎగరేసినట్టు.

"ఏప్రిల్లో టాలహసీ నుంచి చట్టం నకలు పంపి, ఎలా ఉందో చెప్పమన్నారు. నాలుగు పేజీలు రాశాను. మూడో పేజీ చదివారా?"

"చదవకపోవడమేమిటి! జవాబు కూడా రాశాను. 'నీ సలహా అమూల్యం, అక్షరాలా పాటించాను' అని..."

"మొదటి పేజీలో ఏముంది?"

"మన కంచరగాడిద కాలు బెణికింది."

"రెండో పేజీలో?"

"అది... నయమైందని?"

"రెండో పేజీలో మా పిన్నికి ఆపరేషన్. మూడో పేజీలో చట్టం. 'తొక్క చూసి రాయకండి. అక్టోబరు కాయ పైన ఆకులా ఉంటుంది, లోపల తేనెలా ఉంటుంది. రాత్రుళ్లు చలి పడితేనే తొక్క రంగు తిరుగుతుంది, చలి పడకపోయినా లోపల పండుతుంది' అని రాశాను. ఈ ఏడు చలి ఎక్కడ? నిన్న రాత్రి కూడా దుప్పటి తన్నేశాం. మీరు అక్షరాలా పాటించింది ఆ కంచరగాడిద కాలిని."

ఆంబ్రోస్‌కి ఆ ఏప్రిల్ కళ్లముందు కదిలింది. సభలో ప్రతి సభ్యుడి బల్ల మీదా ఒక నారింజ పెట్టించాడు. అన్నీ ఆఖరి కోత కాయలు, బంగారు ముద్దల్లా పసుపు. సభ్యులు తొనలు తింటూ, తొక్కలు నేలమీద పడేస్తూ, "కోసేనాటికి తొక్కలో సగమైనా పసుపు తిరగని కాయ పచ్చికాయ" అన్న వాక్యానికి చేతులెత్తారు. చేతులన్నీ జిగట జిగటగా ఉన్నాయి. అక్టోబరులో సభ ఉండదు. ఏప్రిల్లో తొలి కోత కాయ ఉండదు. ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి ఎప్పుడూ చూసుకోలేదు. రెండింటినీ చూసిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ మూడో పేజీలో ఉండిపోయింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు నీరసంగా.

"నా కాయలు పండాయని చెప్పండి. గట్టిగా, నలుగురిలో. మీరు నలుగురిలో చెప్పని మాటంటూ ఉందా?"

"అలా చెబితే నా చట్టం తప్పని చెప్పినట్టే! వచ్చే జూన్లో ఎన్నికలు లవీ! ఎదురుగా టాలివర్ కూచున్నాడు, పక్కన పత్రిక ఎడిటర్ పెన్సిల్ చెక్కుతున్నాడు!"

"చెక్కనివ్వండి," అని ఆవిడ వెళ్లి ముద్దాయి పెట్టె మీద కూర్చుంది.

హొరేస్ టాలివర్‌ది చెరువు అవతల వైపు తోట. కౌంటీలో కెల్లా పెద్దది. వచ్చే జూన్లో ఆంబ్రోస్ కుర్చీ కావాలని ఆయన కోరిక. అందుకని ఈ ఫిర్యాదు ఆయనే ఇచ్చాడు, ఆయనే వాదిస్తున్నాడు. వకీలుని పెట్టుకుందామంటే కౌంటీ మొత్తానికి ఉన్న ఒకే ఒక వకీలు ఎదురు బల్ల దగ్గర ఉన్నాడు. టాలివర్ పక్కన ఆయన భార్య అల్మీరా. పేరుకు తగ్గట్టు తలుపులు మూసి తాళం వేసిన బీరువాలాంటి మనిషి. లోపల ఏముందో ఊళ్లో ఎవరూ ఇంతవరకు చూడలేదు.

"జడ్జిగారూ," అని లేచాడు టాలివర్, "నేను చదువుకున్న వకీల్ని కాను."

"ఆ సంగతి తెలుసు. కానివ్వు," అన్నాడు యాన్సీ.

"చట్టం ముందు అందరూ సమానమేనని నా మనవి. ముద్దాయి వకీలు భార్య అయినా సరే, శాసనసభ్యుడి భార్య అయినా సరే..."

"ఇద్దరూ ఒకడే కదయ్యా."

"రెండు పదవులున్న మొగుడికి రెండు సిగ్గులుండాలి జడ్జిగారూ! ఇక్కడ ఒకటి కూడా కనబడ్డంలేదు." షెడ్డు ఘొల్లుమంది. టాలివర్ ఆ నవ్వుని తొన తొనగా ఆస్వాదించి, కాలి దగ్గరున్న పెట్టె మూత తీశాడు. "చట్టానికి లోబడ్డ కాయ ఎలా ఉంటుందో తమరు చూడాలని మా తోట కాయలు తెచ్చాను. ఇవిగో. పసుపంటే ఇదీ! ఇన్స్పెక్టరుగారు చూసి సరేనన్న సరుకు. పోయిన వారమే ఒక వ్యాగన్ ఫిలడెల్ఫియా వెళ్లింది. అటు చూడండి, కిట్రెలమ్మగారి కాయలు. కప్పలు!"

నిజమే. ఒక పక్క పసుపు దీపాలు, ఇంకో పక్క పచ్చ కప్పలు.

ఇన్స్పెక్టరు లైల్ బాస్కమ్ ఇంకా మీసం పూర్తిగా రాని మనిషి. టాలహసీ నుంచి కొత్తగా వచ్చాడు. చేతిలో పసుపు రంగు వేసిన ఒక అట్టముక్క. దాన్ని కాయ పక్కన పెట్టి చూసి పాసో ఫెయిలో చెప్పేస్తాడు. అట్ట ప్రకారం లవీనియా కాయలు మూడు వందల పెట్టెలూ ఫెయిలు.

ఆంబ్రోస్ లేచాడు. "బాస్కమ్‌గారూ, ఈ కాయ రుచి చూశారా?"

"లేదండి."

"ఏం, నారింజ పడదా?"

"చాలా ఇష్టమండి. చట్టంలో రుచి చూడమని లేదండి."

"ఎవడో మహా తెలివైనవాడు రాసినట్టున్నాడే."

"మీరేనండి."

ఈసారి నవ్వు షెడ్డు దాటి రైలు పట్టాల దాకా పోయింది. వెనక గోడ దగ్గర్నుంచి ఒక గొంతు, "తొక్కలో చట్టం!" అని అరిచింది.

"ఎవడన్నాడది?" యాన్సీ సుత్తి ఎత్తాడు. ఎవరూ పలకలేదు. "బాగా అన్నాడు. ఇంకోసారి అంటే బయటికి పంపిస్తాను. కిట్రెల్, నీ వాదన ఏమిటి?"

ఆంబ్రోస్ నోట్లో మాట సిద్ధంగా ఉంది. 'పంపిన' అన్న ఒక్క మాట. బంగారం లాంటి కీలు. దాన్ని తిప్పితే కేసు కొట్టేస్తారు, చట్టం బతుకుతుంది, కుర్చీ బతుకుతుంది, జూన్ బతుకుతుంది. లవీనియా వైపు చూశాడు, కనీసం కోపంగానైనా చూస్తుందేమోనని.

ఆవిడ ఆయన్ని చూడ్డమే లేదు. ఇన్స్పెక్టరు విప్పి చూసి వదిలేసిన ఒక కాయని ఒళ్లో పెట్టుకుని, నలిగిన పల్చటి కాగితాన్ని వేళ్లతో సాపు చేసి, మళ్లీ చుట్టి, కొసలు మెలితిప్పి, పెట్టెలో దాని స్థానంలో పెట్టింది. సాయంత్రం చెరువులో పడబోయే కాయకి.

ఆంబ్రోస్ నోట్లో మాట అక్కడే కరిగిపోయింది.

"జడ్జిగారూ, నా దగ్గర మంచి వాదన ఒకటుంది. గెలిచే వాదన. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. ఈ కాయలు పండాయి. చట్టం తప్పు. రాసినవాడు తొందర మనిషి. వాడు ఇంటి ఉత్తరాలు కూడా మొదటి పేజీ దాటి చదవడు. వాడి సంగతి నాకు బాగా తెలుసు, రోజూ పొద్దున్నే వాడి గడ్డం గీసేది నేనే."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఎడిటర్ పెన్సిల్ ముక్కు పుటుక్కున విరిగింది. లవీనియా తల పైకెత్తింది.

"మాటల మీద నమ్మొద్దు," ఆంబ్రోస్ గొంతు ఇప్పుడు పుంజుకుంది. "టాలివర్‌గారు దయతో వాళ్ల కాయలు తెచ్చారు. మావీ ఉన్నాయి. రెండూ ఒలిపించండి. తొక్కలు బల్ల కింద పడేయండి. తమరు కళ్లకి గంతలు కట్టుకుని రుచి చూసి, ఏది చట్టానికి లోబడ్డ కాయో సెలవియ్యండి."

"అభ్యంతరం!" టాలివర్ ఎగిరి లేచాడు. "న్యాయం కళ్లతో చూడాలి!"

"నేను చూసిన బొమ్మల్లో న్యాయదేవతకి గంతలే ఉంటాయి," అన్నాడు యాన్సీ, మధ్యాహ్న భోజనానికి ఇంకా రెండు గంటల టైముందని గుర్తొచ్చి. "ఒలవండయ్యా."

చేతిరుమాలు కట్టుకున్నాక జడ్జిగారు పళ్లెం వైపు నోరు తెరిచారు. బాస్కమ్ మొదటి తొన పెట్టాడు. యాన్సీ నమిలాడు. గడ్డం మీద రసం కారింది. తుడుచుకోలేదు. "ఇంకోటి," అన్నాడు. ఇంకోటి పెట్టారు. "నిర్ధారణ కోసం ఇంకొకటి," అన్నాడు.

తర్వాత రెండో పళ్లెం. ఆ తొన లోపలికి వెళ్లగానే జడ్జిగారి ఎడమ కన్ను గంతల కిందే మూసుకుపోయింది. రెండు చెవులూ వెనక్కి జరిగాయి. బల్ల అంచు పట్టుకున్నాడు.

"నా పళ్లున్నాయా?" అన్నాడు చివరికి.

"ఉన్నాయండి," అన్నాడు బాస్కమ్ దగ్గరికి వంగి చూసి. అలా వంగినప్పుడే పళ్లెం వాసన తగిలి ముక్కు చిట్లించాడు. "ఇదేమిటి, కిరసనాయిలు వాసన?"

"విశదంగా ఉంది," యాన్సీ గంతలు విప్పుకోకుండానే ప్రకటించాడు. "మొదటిది చట్టానికి లోబడ్డ కాయ. టాలివర్, నీ తోట ఇంత బాగుంటుందని నాకు తెలీదు. రెండోది ఫ్లారిడా పరువు తీసే కాయ. కిట్రెలమ్మా, నీ దగ్గర్నుంచి ఇలాంటిది అనుకోలేదు."

"తిరగేశారు జడ్జిగారూ," అంది లవీనియా ప్రశాంతంగా. "మీరు మూడు తిన్నవి నా కప్పలు."

షెడ్డు లేచి నిలబడింది. టోపీలు పైకి ఎగిరాయి, ఒకటి దూలానికి తగులుకుని అక్కడే ఉండిపోయింది. టాలివర్ మొహం మాత్రం కూర్చుంది. మామూలుగా గెలుపు కోసం పులుపు మింగేవాళ్లని చూశాం. పులుపే గెలుపు మింగడం లేక్ ఒరీటాలో అదే మొదలు.

సుత్తి నాలుగుసార్లు కొట్టాక గాని సద్దు తగ్గలేదు. రుమాలు విప్పుకున్న యాన్సీ మొహంలో సంతోషం లేదు. ముందున్న చట్టం కాగితాన్ని ఒకసారి, ఖాళీ పళ్లాన్ని ఒకసారి చూశాడు.

"కిట్రెల్, నాలుకంటే నాకూ గౌరవమే. కానీ ఈ కుర్చీలో కూచునేముందు నా నాలుక ప్రమాణం చెయ్యలేదు, నేను చేశాను. ఈ కాగితంలో 'తొక్క' అని ఉంది, 'తొన' అని లేదు. నువ్వు తొన అని రాసుంటే ఈపాటికి అందరం భోజనం చేస్తుండేవాళ్లం. ఆ జేబులో పెట్టుకున్నదేదో బయటికి తియ్యి, పుణ్యముంటుంది."

ఆంబ్రోస్ లవీనియా వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని, "ఖాళీ జేబండి," అన్నాడు.

"అయితే నేరం రుజువైంది. జరిమానా, లేదా మూడు రోజులు జైలు. కాయలు కౌంటీ దాటకూడదు." ఇంత చెప్పి ఆయన సుత్తిని కొట్టలేదు, మెల్లగా బల్లమీద పెట్టాడు.

ఆంబ్రోస్ పర్సు తీశాడు. లవీనియా ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇది కడితే ఏమవుతుంది?"

"కేసు ముగిసిపోతుంది."

"కట్టకపోతే?"

"మూడు రోజులు... లవీ, ఇది వేళాకోళం కాదు!"

"అన్యాయంగా జైల్లో పెట్టిన మనిషిని విడిపించమని పైకోర్టు జడ్జిని అడగొచ్చని, అప్పుడాయన ఆ చట్టం చెల్లుతుందో లేదో కూడా తేల్చాల్సొస్తుందని మీరు మన భోజనాల బల్ల దగ్గర ఎన్నిసార్లు ఉపన్యసించారు? పంతొమ్మిదేళ్లు వడ్డిస్తూ విన్నాను. నేను ఆఖరి పేజీ దాకా వినే మనిషిని."

ఆంబ్రోస్ లోపల వకీలు లేచి చప్పట్లు కొడుతున్నాడు, మొగుడు తల పట్టుకుని కూచున్నాడు. "చెల్లదని తేలుస్తాడు," అన్నాడు మెల్లగా. "తేల్చొచ్చు. పండిన కాయని పచ్చికాయ అనే చట్టాన్ని ఏ జడ్జీ నిలబెట్టడు. కానీ పెద్ద జడ్జి గురువారం గాని రాడు."

"గురువారం కూడా గూడ్సు ఉంది. పైకోర్టు తేల్చేదాకా వాటిని చెరువులో పొయ్యడానికి వీల్లేదు. నా కాయలు రెండు రోజులు ఆగుతాయి. నేనూ ఆగుతాను."

"భార్యని జైలుకి పంపిన శాసనసభ్యుడని పత్రికలో వేస్తారు!"

"పంపినట్టు ఎలా వేస్తారు? నేనింకా కదల్లేదుగా."

పక్కనే ఉన్న షెరీఫ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "అమ్మా, ఆడవాళ్లని పెట్టే గది మన దగ్గర లేదు. ఉన్న ఒక్క గదిలో మా ఆవిడ జామ జెల్లీ సీసాలు సర్దింది."

"పక్కకి జరపండి. లేదా నాకో చెంచా ఇప్పించండి."

లవీనియా చేతి తొడుగులు తీసి, నడుమున కత్తెర విప్పి భర్త చేతిలో పెట్టింది. గుమ్మం వైపు రెండడుగులు వేసింది. అప్పుడు వెనక నుంచి, ఊళ్లో చాలామంది మొదటిసారి వింటున్న ఒక గొంతు వినబడింది.

"షెరీఫ్‌గారూ, ఆ గదిలో ఇంకో మంచం పడుతుందా?"

అల్మీరా టాలివర్ లేచి నిలబడి ఉంది.

"అల్మీరా! కూర్చో!" అన్నాడు టాలివర్.

"ఇరవై రెండేళ్లు కూచున్నాను హొరేస్, నడుం నొప్పెడుతోంది." ఆవిడ జడ్జి వైపు తిరిగింది. "కోసేనాటికి సగం పసుపు ఉండాలని కదండీ చట్టం? మా కాయలు కోసేనాటికి చిలక పచ్చ. ముదరనైనా ముదరలేదు. వాటిని ఉక్కగదిలో పోసి, తలుపులు బిగించి, నాలుగు రోజులు కిరసనాయిలు పొయ్యిలు వెలిగించి పసుపు తెప్పించాం. పైన రంగు వచ్చింది, లోపల రుచి రాలేదు. అది తమరు ఇందాక చూశారు. పొయ్యిలు వెలిగించింది నేను. వెలిగించమన్నది ఎవరో అడిగితే అదీ చెబుతాను. పండిన కాయలు కోసినావిడ జైలుకి వెళ్తుంటే, పచ్చివి కోసినదాన్ని ఇంటికెళ్లి రొట్టె పిండి కలుపుకోలేను."

బాస్కమ్ తన పసుపు అట్టని కోటు జేబులో దాచేశాడు. యాన్సీ రెండు పళ్లేలనీ మార్చి మార్చి చూసి, "నేరం ఒప్పుకుంటున్నావా అమ్మా?" అన్నాడు.

"నా వాటా ఒప్పుకుంటున్నాను."

ఆంబ్రోస్ గుండె ఒక్క గంతు వేసింది. చట్టం చివరికి పట్టుకోవాల్సినవాణ్ణి పట్టుకుంది! దేనికోసం పుట్టిందో ఆ పని ఇప్పుడు, ఈ షెడ్డులో చేసింది. ఆ గంతు కిందికి దిగేలోపే రెండో ఆలోచన తగిలింది. గురువారం తను పైకోర్టులో కొట్టేయించబోతున్నది ఈ చట్టాన్నే. అది పోతే లవీనియా కాయలు కదులుతాయి. దాంతోపాటు టాలివర్ పొయ్యిలూ వెలుగుతూనే ఉంటాయి. అది నిలిస్తే టాలివర్ దొరుకుతాడు. లవీనియా జామ జెల్లీ సీసాల మధ్య ఉండిపోతుంది.

ఈ లెక్క ఆయన ఒక్కడికే తట్టలేదు. టాలివర్ మొహంలోకి రంగు మెల్లగా తిరిగి వస్తోంది, ఏ పొయ్యీ లేకుండానే. ఆయన పెట్టెల్ని దాటుకుంటూ వచ్చి ఆంబ్రోస్ ఎదురుగా ఆగాడు.

"కిట్రెల్, మా ఆవిడకి వకీలు కావాలి. బహుశా నాకూ కావాలి. ఈ కౌంటీలో నువ్వు తప్ప ఇంకొకడు లేడు," అన్నాడు గొంతు తగ్గించి. "గురువారం నీ భార్య కోసం ఎలాగూ వాదిస్తావు కదా? ఆ అర్జీలో మా పేర్లు కూడా చేర్చు. ఆ దరిద్రపు చట్టాన్ని పాతిపెట్టేద్దాం. జూన్లో నీకు నేను పోటీ కూడా ఉండను. ఏమంటావు?"

టాలివర్ చెయ్యి చాచాడు.

గుమ్మం దాకా వెళ్లిన లవీనియా, అల్మీరా ఆగి వెనక్కి తిరిగారు. ఎడిటర్ ఎవరి దగ్గరో కొత్త పెన్సిల్ లాక్కున్నాడు. ఆంబ్రోస్ కిట్రెల్ భార్య కత్తెరని ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి ఎక్కడ దిగిందో వచ్చే వారం చెప్పుకుందాం.